ఉప్పేసిన ఐసు

బస్సు సముద్రానికి వీపు తిప్పి మైపాడు ఊళ్లోంచి బయటపడుతుంటే అమ్మ ఒళ్లో ఉన్న థర్మకోల్ పెట్టెలో ఐసు ముక్కలు ఒక్కసారి గలగలమన్నాయి, కిటికీ పక్కన కూర్చున్న సబీనా ఉలిక్కిపడింది. బుద్ధెరిగినప్పటి నుంచీ వింటున్న చప్పుడే. ఐసు దిమ్మల్ని పొడి చేసి పడవల వాళ్లకూ చేపల బుట్టల వాళ్లకూ అమ్మే ఇంట్లో పుట్టింది, ఆ చప్పుడుకే నిద్ర లేచింది, ఆ చప్పుడులోనే ఎక్కాలు బట్టీ పట్టింది, అట్లాంటిది ముప్పై మూడేళ్ల వయసులో పెట్టెడు ఐసుకు గుండె జారిపోతోందంటే వినేవాళ్లు నవ్వుతారు. నవ్వుకోనీ. ఆ పెట్టెలో, ఉప్పు కలిపిన ఐసు నడుమ, తన ఇంజక్షన్ పెన్ను ఉంది. అందులోని మందు చల్లగా ఉండాలి, గడ్డ మాత్రం కట్టకూడదు. కడితే దాని పని అయిపోయినట్టే, అది పొడుచుకున్నా ఒకటే, నీళ్లు పొడుచుకున్నా ఒకటే. పొద్దున చూసేసరికి అది రాయిలా బిగుసుకుపోయి ఉంది. ఈ ఒక్క పొద్దేనా, రోజూ ఇంతేనా? పక్కనే ఉంది అమ్మ, మోచెయ్యి మోచేతికి తగులుతోంది, అడిగితే చెబుతుంది. అడగడానికే నోరు రావడం లేదు.

రోజూ ఇంతే అయితే, ఇన్నాళ్లూ పొట్ట మీద చర్మం రెండు వేళ్లతో పట్టుకుని, కళ్లు మూసుకుని, బిస్మిల్లా అనుకుని పొడుచుకున్నదంతా వట్టిదే అన్నమాట. అండాశయంలో గుడ్లు పెరిగి ఉండవు. ఇంకాసేపట్లో నెల్లూరు ఆస్పత్రిలో చీకటి గదిలో పడుకోబెట్టి స్కానింగు తీస్తారు, డాక్టరమ్మ తెరకేసి చూస్తుంది, చూస్తూనే ఉంటుంది, ఏమీ మాట్లాడదు. ఆ మాట్లాడకపోవడం సబీనాకు తెలుసు, ఏడేళ్ల కిందట ఒకసారి చవిచూసింది. కానీ పొట్ట ఉబ్బరంగా ఉంది కదా, పైజామా నాడా వదులు చేసుకుని కట్టుకుంటోంది కదా, మందు పని చెయ్యకపోతే ఈ బరువు ఎక్కడిది? భయంది కావచ్చు. భయానికీ కడుపు ఉబ్బుతుంది, ఇంటర్ పరీక్షలప్పుడు ఉబ్బలేదా, అమ్మ వాము నీళ్లు తాగించలేదా. ఆమె చున్నీ కింద చెయ్యి పెట్టి కుడి పక్క పొత్తికడుపు తడుముకుంది. లోపల ఏదైనా ఉందో లేదో చేతికి తెలుస్తుందేమోనని, బియ్యం డబ్బాను ఊపి చూసినట్టు, బస్సు గతుకులో పడ్డప్పుడల్లా శ్రద్ధగా గమనించింది. ఏమీ తెలియలేదు.

ఫోన్ చేసి సిస్టరును అడగొచ్చు. ఫోను చేతిలోనే ఉంది, కరుణాకుమారి సిస్టరు నంబరు పైనే ఉంది. అడిగితే అమ్మ వింటుంది. వింటే ఏమవుతుందో సబీనా ఊహించుకోలేకపోయింది, ఊహించుకోగలిగింది కూడా, అందుకే ఫోను బ్యాగులో పడేసి జిప్పు వేసింది. జిప్పు వేసినంత మాత్రాన భయం లోపల ఉంటుందా, బయటే ఉంది, పక్క సీట్లో నల్ల బురఖా వేసుకుని, పెట్టెను రెండు చేతులా పొదువుకుని, పసిబిడ్డను ఆస్పత్రికి తీసుకెళ్తున్నట్టు కూర్చుని ఉంది. మామూలుగా ఇంట్లో చీర కొంగు తలమీదికి లాక్కుని ఐసు కొట్టే మనిషి. నెల్లూరు ప్రయాణమంటే పెట్టెలోంచి బురఖా తీసి వేసుకుంటుంది. పొద్దున ఆ బురఖా బొత్తాలు పెట్టుకుంటూనే, "బాగా పట్టించినాలే, ఉప్పు గూడా ఏసినా, నెల్లూరు పొయ్యేదాకా బిందువు కూడా కరగదు" అంది. కరెంటోళ్లు లైన్ల పనంటూ తెల్లవారగానే కరెంటు తీసేశారు, ఫ్రిజ్జు పనిచెయ్యడం లేదు, సిస్టరేమో ఈ రోజు పెన్ను వెంట తెచ్చుకోమంది, మందు పాళ్లు మార్చి అక్కడే వేస్తామంది. సబీనా పెట్టె తెరిచింది. ఐసులో చెయ్యి పెట్టి తీస్తే ప్లాస్టిక్ కవరు, మూతి గట్టిగా ముడేసి ఉంది. కవర్లో మెత్తటి పాత నూలు గుడ్డ, గుడ్డ లోపల పెన్ను. గాజు గుండా చూస్తే మందు తెల్లగా మంచయి కనిపించింది, తిప్పే మర తిరగలేదు. అమ్మ ఎదురుగా నిలబడి ఆమె ముఖమే చూస్తోంది, మెచ్చుకోలు కోసమా? బయట బస్సు హారన్ కొట్టింది. సబీనా పెన్నును మళ్లీ ఆ గుడ్డలోనే చుట్టి పెట్టేసింది.

సిస్టరు మొదటి రోజే చిలక్కి చెప్పినట్టు చెప్పింది. ఫ్రిజ్జులో మధ్య అరలో పెట్టుకోవాలి, ఫ్రీజర్లో కాదు, గడ్డ కట్టకూడదు. ఆ మాటల్లో సగమే ఇంటికి చేరాయి. సబీనా ఇంటికొచ్చి, "చల్లంగా ఉండాల, ఎండ తగలకూడదు" అని మాత్రం చెప్పింది. తక్కినది చెప్పాల్సిన అవసరమే తోచలేదు. ఫ్రిజ్జులో పెట్టేదానికి గడ్డ కట్టే మాటెందుకు? తను రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీలో పనికి పోయి సాయంత్రం వచ్చేదాకా మందుకు కాపలా అమ్మ. మధ్యాహ్నాలు కరెంటు పోతూ ఉంటుంది. కరెంటు పోతే అమ్మ ఊరుకుంటుందా? ఒకటి రెండు సార్లు వంటింటి గూట్లో ఈ థర్మకోల్ పెట్టెను తనే చూసింది, చూసి కూడా ఏ చేపలకో అనుకుని స్నానానికి పోయింది. సాయంత్రం పెన్ను ఫ్రిజ్జులో బుద్ధిగా ఉండేది, చల్లగా, నీళ్లలా. గడ్డ కట్టి కరిగాక కూడా మందు అట్లాగే ఉంటుంది కదా, నీళ్లలాగే. చూస్తే తెలియదు. చూస్తే తెలియని చావు అది.

ఎడమ పక్క అండాశయం ఏడేళ్ల కిందటే పోయింది. గడ్డ పెరిగి మెలిపడింది, తీసేశారు. ఒకటి ఉంటే చాలమ్మా, ఎంతమంది ఒక్కదానితో కనలేదు అన్నారు అప్పుడు. ఆ తర్వాత వచ్చిన సంబంధాల వాళ్ల చెవిలో ఎవరో ఒకరు ఆ సంగతి ఊదేవాళ్లు, టీలు తాగి బిస్కెట్లు తిని మళ్లీ కబురు చేస్తామని పోయేవాళ్లు. ఆ టీ గ్లాసులు కడుగుతూ సబీనా ఏడ్చింది లేదు. పెళ్లి కాకపోతే కాకపోయింది, ఉద్యోగముంది, అమ్మ ఉంది, సముద్రం ఉంది అనుకునేది. ఈ వేసవిలో కుడి పక్కన కూడా గడ్డ కనిపించినప్పుడు మాత్రం కాళ్ల కింద నేల జారింది. తనకు పిల్లలు కావాలని తనకే అప్పుడు తెలిసింది, అంత ఆలస్యంగా, అంత గట్టిగా. డాక్టరమ్మ మెల్లగా చెప్పింది, "ఆపరేషన్ తప్పదు సబీనా. ఆ తర్వాత ఎంత మిగులుతుందో నేను మాటివ్వలేను. ముందు గుడ్లు తీసి దాచుకుందాం. ఈ ఒక్కసారికే టైముంది." ఒక్కసారి. ఆ ఒక్కసారి ఇప్పుడు అమ్మ ఒళ్లో గలగలమంటోంది.

అమ్మకు చెప్పిన రోజు అమ్మ ఐసు దంచుతోంది. పెళ్లి కాని పిల్ల గుడ్లు తీయించుకుంటానంటే చేతిలో సమ్మెట ఆగింది. "అల్లా ఇచ్చేదాన్ని ఐసులో పెట్టేదేందిమే?" అంది. కాసేపటికి తనే మళ్లీ, "ఎన్నాళ్లుంటాయి?" అనడిగింది. "ఏళ్లు. పదేళ్లయినా ఉంటాయంట." "పదేళ్లా!" ఐసు విషయంలో అమ్మ ఆశ్చర్యపోవడం సబీనా అదే మొదటిసారి చూడటం. "నా ఐసులో వంజరం చేప మూడో పొద్దుకు వాసనొస్తాది," అంది, మళ్లీ దంచడం మొదలుపెట్టింది. సరేనని అనలేదు, వద్దని అనలేదు, మసీదు హజ్రత్‌ను అడిగొస్తానని కూడా అనలేదు. అడిగితే ఏం చెబుతాడోనని భయమో, ఏం చెప్పినా కూతురు వినదని తెలిసో. మర్నాడు చూస్తే ఫ్రిజ్జులో మధ్య అర ఖాళీ చేసి, తుడిచి, దస్తీ పరిచి ఉంది. అది సరే అన్నట్టేనని సబీనా అనుకుంది. ఇప్పుడు తలుచుకుంటే ఆ దస్తీ మీద కూడా అనుమానం వస్తోంది.

కిటికీలోంచి రొయ్యల చెరువులు మొదలయ్యాయి. నీళ్లు చిలికే చక్రాలు తెల్లటి నురగ ఎగజిమ్ముతూ తిరుగుతున్నాయి, కరెంటు ఉన్నట్టుంది ఇటు. ఈ చెరువుల్లోని రొయ్య పిల్లలు సగం తమ హేచరీవే. తన చేతుల మీదుగా పుట్టినవే. తల్లి రొయ్యను తడిగుడ్డలో పట్టుకోవాలి, అది తోకతో కొట్టుకుంటుంది, ఎర్రగా కాల్చిన పటకారుతో ఒక కంటి కాడను నొక్కాలి. చిటికెలో అయిపోతుంది. కంటి కాడలో గుడ్లను పెరగనివ్వని గుణమేదో ఉందట, ఒక కన్ను పోతే కొద్ది రోజుల్లోనే ఒళ్లంతా గుడ్లవుతుంది. ఎన్ని కళ్లు తీసిందో లెక్కలేదు, రోజుకు బకెట్ల కొద్దీ, పాటలు పెట్టుకుని, సినిమా కబుర్లు చెప్పుకుంటూ. తర్వాత చీకటి గదిలో టార్చి వేసి చూస్తారు. వీపు పొడవునా పచ్చటి చార లావుగా కనిపిస్తే గుడ్లు పెట్టే తొట్టిలోకి, సన్నగా ఉంటే వెనక్కి. రెండుసార్లు చూసినా ఏమీ కనిపించకపోతే నీలం బకెట్లోకి. నీలం బకెట్లో వాటిని సాయంత్రం ఎవరో కూరకు పట్టుకుపోతారు. ఇంజక్షన్లు మొదలుపెట్టాక సబీనా పటకారు పట్టలేకపోయింది. తోటి పిల్ల వెన్నెల, "ఏందక్కా, పటకారు పక్కన పెట్టేసినావు?" అంటే నీరసమని చెప్పి లెక్కలు రాసే పనికి మారింది. తనకేమీ కన్ను పోలేదు, సన్నటి సూదులే. కానీ చీకటి గది అదే, లోపలికి వెలుగు పంపి వెతకడం అదే. నీలం బకెట్టు ఒకటే అక్కడ ఉండదు. ఉండదని ఎవరన్నారు?

"యాడికి ఖుర్షీదమ్మా, పెట్టెతో గూడా బయల్దేరినావు?" కండక్టర్ లాజరస్ టికెట్లు కొడుతూ వచ్చి ఆగాడు. తీరం మీద అందరూ అందరికీ తెలిసినవాళ్లే, అదొక చావు. సబీనా కిటికీలోంచి బయటకు చూసింది. "మోకాళ్ల నొప్పులు లాజరస్. ఆస్పత్రికి పోతా ఉండాం. డాక్టరుకు రెండు పండుగప్పలు," అంది అమ్మ పెట్టె మీద అరచెయ్యి వేసి, రెప్ప కొట్టకుండా. వెనక సీట్లో చేపల బుట్టలామె, డాక్టర్లకు పండుగప్ప పెడితే నొప్పి పోతాదా అని నవ్వింది, అమ్మ కూడా నవ్వింది. ఎంత సులువుగా అబద్ధమాడింది. కూతురి మర్యాద కాపాడిందని సంతోషించాలి, కానీ సబీనాకు వెన్నులోంచి చలి పుట్టింది. ఇంత సులువుగా ఆడగలిగిన మనిషి పొద్దున మాత్రం నిజమే చెప్పిందని ఏమిటి నమ్మకం?

అదిగో, వచ్చేసింది. పొద్దున్నుంచీ గుమ్మం దగ్గర నిలబడి ఉన్న ఆలోచన లోపలికే వచ్చి కూర్చుంది. అమ్మకు తెలియకుండా ఉంటుందా? ఐసు సంగతి ఈ తీరంలో అమ్మకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? ఏ చేపకు ఎంత పొడి వెయ్యాలో, ఐసు ఎక్కువైతే వంజరం కండ ఎట్లా తెల్లబారి రుచి చెడుతుందో, కళ్లు మూసుకుని చెబుతుంది. చెన్నై లారీ ఎక్కే రొయ్యలకు తప్ప ఒక్క గుప్పెడు ఉప్పు కూడా వెయ్యనివ్వదు, ఉప్పేస్తే ఐసు కసి తీరా చల్లబడి సరుకును పట్టేస్తుందని పనివాళ్లను తిడుతుంది. అట్లాంటి మనిషి కూతురి మందుకు ఉప్పెందుకు వేసింది? వద్దనుకుని వేసిందా? నోటితో వద్దనలేక చేత్తో అందా? ఏమీ పెరగలేదమ్మా అని డాక్టరమ్మ చెబితే, అల్లా రాసిపెట్టలేదులే పాపా అని తల నిమిరి ఇంటికి తీసుకుపోదామనా? ఛీ. ఏమి బతుకిది, కన్నతల్లిని ఇట్లా అనుకునే బతుకు. అనుకోకూడదని లెంపలేసుకుంటూనే సబీనా మళ్లీ అనుకుంది. భయం పట్టిన బుర్రకు సిగ్గుండదు. అమ్మ వేళ్లకేసి చూసింది. పెట్టె అంచు మీద ఆ వేళ్లు తెల్లగా బిగుసుకుని ఉన్నాయి. కరగకుండా కాపాడుతున్న వేళ్లా, కరగనివ్వని వేళ్లా?

వేళ్లు అనుకోగానే నాయన తలపుకొచ్చాడు. ఎప్పుడూ ఇంతే, నాయన కుడిచేత్తోనే వస్తాడు, చూపుడు వేలు లేని చేత్తో. సబీనా అప్పుడు ఏడో తరగతి. ఐసు నలగ్గొట్టే మిషన్లో నాయన చెయ్యి పడింది. అరుపు లేదు, మిషను చప్పుడు మారిందంతే. తెల్లటి ఐసు పొడి గులాబీ రంగయింది. అందరూ కేకలు పెడుతుంటే అమ్మ ఒక్కతే ఆ పొడిలో చెయ్యి పెట్టి వెతికి వేలు తీసింది, గంపలో ఐసు నింపి, దోసెడు ఉప్పు పోసి, వేలును నడుమ గుచ్చి, గంప నెత్తిన పెట్టుకుని ఆటో ఎక్కింది. నెల్లూరు దాకా ఒకటే మాట, "ఐసులో ఉండాది, ఏం గాదు. ఐసులో ఉండాది, ఏం గాదు." ఆస్పత్రిలో డాక్టరు నాయనను పక్కకు పిలిచాడు. సబీనా నాయన చొక్కా అంచు పట్టుకుని ఉంది కాబట్టి తనూ విన్నది. నేరుగా ఐసులో పెట్టకూడదయ్యా, అందులో ఉప్పు కూడానా, కండ చచ్చిపోయింది, గుడ్డలో చుట్టి కవర్లో వేసి ఆ కవరును ఐసులో పెట్టి తెచ్చుంటే అతికించేవాళ్లం. నాయన కట్టు కట్టిన చేతిని గుండెకు ఆనించుకుని, "ఆ మాట మా ఇంటిమనిషి చెవిన పడనియ్యబాకండి సార్," అన్నాడు. బయటకొచ్చి అమ్మతో, మిషన్లోనే నలిగిపోయిందంట, ఎట్టా తెచ్చినా అతకదంట అన్నాడు. అమ్మ ఏడుస్తుంటే మిగిలిన వేళ్లు ఆడించి చూపించాడు. "నాలుగుండాయి గదా. ఇంకేం గావాల?" ఎడమచేతి వేలు పెదాల మీద పెట్టుకుని సబీనాకేసి ఒక్క చూపు చూశాడు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ, బీడీ పట్టుకోలేక జారినా, చొక్కా గుండీ పట్టక విసుక్కున్నా, అదే మాట, నాలుగుండాయి గదా. గుండె ఆగి పోయిన రోజున, డాక్టరు చెప్పిన ఆ సంగతి ఆయనతోపాటే ఖబరస్తానుకు పోయింది. సబీనా ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

ఇందుకూరుపేటలో ఎక్కినవాళ్లతో బస్సు కిక్కిరిసింది. ఎవరి సంచో సబీనా భుజానికి ఒరుసుకుంటోంది, మల్లెపూల వాసన, ఎండు చేపల వాసన కలిసి ముక్కుకు కొడుతోంది. ఇప్పుడు నాయన నిలబడ్డ చోట తను నిలబడి ఉంది. ఆస్పత్రిలో నిజం తేలాక అమ్మతో ఏమనాలి? నా ఒళ్లే మందుకు లొంగలేదమ్మా, నువ్వు బాగానే దాచావు, అనాలా? నాయన దాచాడు కాబట్టే అమ్మకు ఐసు మీద అంత గురి మిగిలిపోయింది. ఆ రోజు చెప్పి ఉంటే ఈ రోజు ఈ పెట్టెలో ఉప్పు పడేదే కాదు. ప్రేమతో దాచిన మాట వచ్చి వచ్చి తన కడుపు మీదే పడిందా? నాయన మీద కోపం వచ్చింది, చనిపోయిన మనిషి మీద, నాలుగు వేళ్లతో తనకు జడ అల్లిన మనిషి మీద. కళ్లలో నీళ్లు తిరిగాయి. అమ్మ చూడకుండా కిటికీ వైపు తిరిగింది. పొలాలు ఆకుపచ్చగా వెనక్కి పోతున్నాయి, ఎవరో మందు కొడుతున్నారు, కొంగలు లేస్తున్నాయి. అంతా బాగున్నట్టే ఉంది, అంతా బాగున్నప్పుడే ఎక్కువ భయమేస్తుంది. పుట్టని పిల్లల కోసం ఏడవడం వింత. పేరు లేదు, ముఖం లేదు, రక్తపు చుక్క కూడా కాదు, ఆవగింజలో సగం, అదీ ఉందో లేదో తెలియదు. అయినా వాళ్లు ఐసు కింద ఊపిరాడక చచ్చిపోతున్నట్టు, తలుపు తట్టుతున్నట్టు, తను మర్యాదగా టికెట్ కొనుక్కుని కూర్చున్నట్టు అనిపించి సబీనాకు చెమటలు పట్టాయి.

నెల్లూరు అంచున, మైపాడు గేటు దగ్గర బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆగింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు. ఇంతసేపూ ఇంజను మోతలో దాక్కున్న మాట ఒక్కసారిగా బయటపడ్డట్టయింది, దాన్ని ఇక మింగడం సబీనా వల్ల కాలేదు.

"అమ్మా. ఎన్నాళ్ల నుంచి ఉప్పేస్తా ఉండావు?"

"ఏంది?"

"మందుకు. ఐసులో ఉప్పు. రోజూ ఏస్తా ఉండావా?"

అమ్మ ఆమెకేసి వింతగా చూసింది. "రోజూ ఎందుకేస్తానుమే? ఇంట్లో ఉండేదానికి ఉప్పెందుకు? కరెంటు పోయినప్పుడు ఉత్త ఐసు మీద పెట్టేదాన్ని. ఈ పొద్దు నెల్లూరు దాకా పోవాల గదా, అందుకని ఏసినా. దూరం పొయ్యేదానికే గదా ఉప్పు, నీకు తెలవదా?"

తెలుసు. చెన్నై లారీకే ఉప్పని తెలుసు. ఐసు అంగట్లో పుట్టిన పిల్లకు తెలియకపోవడమేమిటి, ఇంతకుముందే ఆ మాట తలుచుకుంది కూడా, తలుచుకుని దాంతో అమ్మనే పొడిచింది. ఉప్పు లేని ఐసు, దానికీ మందుకూ మధ్య గుడ్డ, కవరు. బహుశా గడ్డ కట్టి ఉండదు. బహుశా. ఆ ఒక్క మాట ఊపిరి ఆడనిచ్చింది, పూర్తిగా ఆడనివ్వలేదు. "అది గడ్డ కట్టకూడదమ్మా," అంది. "చల్లంగా ఉండాల, గడ్డ కట్టకూడదు. నేను నీకు చెప్పలేదు. నాదే తప్పు."

అమ్మ ముఖంలో రంగు దిగిపోయింది. పెట్టె మూత తీసి, సబీనా మీదుగా వంగి, గుప్పెళ్లతో ఉప్పు ఐసును కిటికీలోంచి రోడ్డు మీద పారబోయడం మొదలుపెట్టింది. కింద స్కూటరాయన, ఏందమ్మా ఇది అని అరిచాడు. అమ్మ ఆగలేదు. కవరు బయటపడగానే ముడి పళ్లతో కొరికి విప్పి, పెన్నును గుడ్డతో సహా తీసి బురఖా లోపల చంకలో పెట్టుకుంది, వెచ్చబడుతుందని. ఇప్పుడు వెచ్చబడినా లాభం లేదని సబీనా చెప్పలేదు.

"గడ్డకట్టించేదానికి ఇచ్చే మందు గదా, ఎంత సల్లంగా ఉంటే అంత మేలనుకున్నా పాపా. ఇంక పనికిరాదా?"

"కొత్తది ఇస్తారులే." సబీనా ఆగి, పొద్దున్నుంచీ చేతికి తగిలినా మనసుకు తగలని సంగతి అడిగింది. "గుడ్డెందుకు చుట్టినావు? కవరెందుకేసినావు?"

అమ్మ ముందు సీటు కమ్మీకేసి తల తిప్పింది. "నేరుగా తగలకూడదంట గదా," అంది గొంతు తగ్గించి. "మీ నాయన కట్టు మార్పించేదానికి పొయినప్పుడు ఆ కాంపౌండరు అరిచినాడు నా మీద. ఉప్పైసు నేరుగా తగిలించి సంపేసినావు గదమ్మా అని."

"నీకు తెలుసా?"

"ఆయనకు చెప్పలా నేను. నేను బాధపడతానని ఆయన దాచినాడు. నాకు తెలుసని తెలిస్తే ఆయన బాధపడడా?" బురఖా కింద అమ్మ చెయ్యి పెన్నును ఇంకా గట్టిగా అదుముకుంది. "పొద్దున పెట్టె తెరిచినప్పుడు నీ మొగం చూసినా. ఆ పొద్దు డాక్టరు గదిలోంచి వచ్చినప్పుడు మీ నాయన మొగం అట్నే ఉండింది. అప్పట్నించీ అడగాలని చూస్తా ఉండా. భయమేసింది."

ఇంజను మళ్లీ మొదలైంది. ఇద్దరూ ఒకే సీట్లో, ఒకరి మోచెయ్యి ఒకరికి తగులుతూ, ఒకే భయాన్ని చెరొక పక్కనుంచి మోస్తూ ఇంత దూరం వచ్చారన్నమాట. మెచ్చుకోలు కోసం చూస్తోందనుకుంది సబీనా. వద్దనుకుని చేసిందనుకుంది. ఆ అనుకున్నదానికి ఇప్పుడు ఒళ్లంతా సిగ్గుతో కాలింది. క్షమించమని అడగాలంటే ఏమనుకుందో చెప్పాలి, చెబితే అమ్మ ఈ జన్మకు కోలుకోదు. చెప్పలేదు. ఈ ఒక్కటీ దాచుకుంటానని, దీనికి ఎవరి వేలూ పోదని, నాయనకు మనసులో చెప్పుకుంది.

ఆస్పత్రి చీకటి గదిలో పడక మీది కాగితం వీపు కింద చిటపటమంది. కరుణాకుమారి సిస్టరు పెన్నును చూసి, ఇది పారేద్దాం, కొత్తది వేస్తాను, ఇదివరకటి వాటి సంగతి స్కానింగులో తెలుస్తుందంది, అమ్మను బయటే ఉండమనబోయి ఆమె ముఖం చూసి ఊరుకుంది. అమ్మ వచ్చి సబీనా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ఇంకా ఐసులా ఉంది, ఉప్పుకు గరుకుగా ఉంది. డాక్టరమ్మ తెరకేసి చూస్తోంది. చూస్తూనే ఉంది. ఏమీ మాట్లాడటం లేదు. సబీనాకు తడిగుడ్డ గుర్తొచ్చింది, గుడ్డలో కొట్టుకునే తోక గుర్తొచ్చింది, నీలం బకెట్టు గుర్తొచ్చింది, ఇంకెన్నడూ ఏ ప్రాణినీ వెలుగు ముందు పట్టుకుని పనికిరాదని అనను, అనను, అననని మొక్కుకుంది, ఎవరికి మొక్కుతోందో కూడా తెలియకుండా. తెర మీద అంతా బూడిద రంగు. గడ్డ ఒక పక్కన నల్లగా, పెద్దగా, కాపలా కుక్కలా పడుకుని ఉంది. డాక్టరమ్మ చెయ్యి కొంచెం వాలింది. గడ్డ వెనక నుంచి చిన్న నల్లటి గుండ్రం ఒకటి కనిపించింది. దాని పక్కన ఇంకొకటి.

"పెరుగుతున్నాయి," అంది డాక్టరమ్మ. తెర మీద గీతలు గీసి కొలుచుకుంటూ, "కాస్త నెమ్మదిగా ఉన్నాయి, ఇంకొన్ని రోజులు మందు వెయ్యాలి. మనం అనుకున్నన్ని లేవు సబీనా. నాలుగు కనిపిస్తున్నాయి."

నాలుగు. అందులో తీసేనాటికి ఎన్ని మిగులుతాయో, గడ్డకట్టించి కరిగించాక ఎన్ని బతుకుతాయో, ఏ రోజుకు ఏ ఒక్కటైనా ఒక ముఖమవుతుందో లేదో. భయం ఎక్కడికీ పోలేదు, పడక అంచున సర్దుకుని కూర్చుందంతే. సబీనా తల తిప్పి అమ్మను చూసింది. తెర వెలుగులో అమ్మ తన కుడిచెయ్యి పైకెత్తి, చూపుడు వేలు ముడిచి, మిగిలినవి మెల్లగా ఆడించింది.

"నాలుగుండాయి గదా పాపా," అంది.

సబీనా ఆ చేతిని అందుకుని తన పొట్ట మీద పెట్టుకుంది. చల్లగా తగిలింది. తియ్యమని అనలేదు.